కొత్త సైకిలా, పాత సైకిలా?

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగం)

 

నేను ఆలిమ్‌ను కాదు, ఉపన్యాసకుణ్ణి కాదు. నలభై ఏళ్ళుగా స్పానరు పట్టుకున్న చేతులివి. మొదట అద్దె సైకిళ్ళు నడిపాం. పెద్దలకు గుర్తుండే ఉంటుంది, సైకిల్ టాక్సీ అనేవాళ్ళు, గంటకు ఇంత అని. తర్వాత రిపేర్లు, కొత్తవాటి ఫిట్టింగు, పాతవి కొనడం, అమ్మడం. రెండు రకాలూ అమ్మేవాణ్ణి కనుక ఒకవైపు మొగ్గాల్సిన పని నాకు లేదు. సొసైటీకి మాత్రం నా షాపు నుంచి ఒక్క సైకిలు కూడా అమ్మను. ఈ మాట ముందే చెప్పడం మంచిది.

ఇప్పుడు కమిటీ ముందున్న ప్రశ్న మీ అందరికీ తెలుసు. వచ్చే ఏడాది స్కూలు పిల్లలకు, కూలి పనికి వెళ్ళేవారికి సైకిళ్ళు ఇవ్వాలి. ఇరవై కొత్తవి కొనే డబ్బుతో నలభై పాతవి లాటుగా వస్తాయని కొందరన్నారు. పేదవాడికిచ్చేది కొత్తదే కావాలని మరికొందరన్నారు. మొదటి మాటలో లెక్క ఉంది, రెండో మాటలో మర్యాద ఉంది. కానీ నలభై పాతవాటిలో ఎన్ని ఆరు నెలలు తిరుగుతాయి? ఇరవై కొత్తవాటిలో ఎన్ని అసలు ఆ మనిషి పనికి సరిపోతాయి? ఇవి అడగకుండా చేతులెత్తి ఓటు వేస్తే రెండూ తప్పే అవుతాయి.

సైకిలు ధర అంటే షాపులో ఇచ్చిన డబ్బు ఒక్కటే కాదు. ఒక లెక్క చూద్దాం. ఇవి ఉదాహరణ కోసం చెప్పే అంకెలు. కొత్తది 6,000 అనుకుందాం. పాతది 1,800కు దొరికింది. చాలా లాభం అనిపిస్తుంది. ఇంటికి తెచ్చాక రెండు టైర్లు, రెండు ట్యూబులు, చైను, ఫ్రీవీలు, బ్రేకు రబ్బర్లు, ఓవరాయిలింగు కూలి కలిపి ఇంకో 2,200 అయ్యాయి. అంటే మీరు కొన్నది 1,800 సైకిలు కాదు, 4,000 సైకిలు. దాని ఫ్రేము వయసు పదేళ్ళు. షాపులో నేను పాటించే పద్ధతి ఒకటుంది. కొన్న ధర, వెంటనే చేయించాల్సిన రిపేరు కలిపి కొత్తదాని ధరలో సగం దాటితే ఆ పాతది వదిలేస్తాను. సగం లోపల ఉండి, ఫ్రేము నిక్కచ్చిగా ఉంటే కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. కాదు, కళ్ళు తెరుచుకునే తీసుకోవాలి. ఎలా చూడాలో చెబుతాను.

ముందు రంగు చూడండి. పాత సైకిలుకు కొత్త రంగు వేసి ఉంటే నాకు అనుమానం. గీతలు పడ్డ పాత రంగు నిజం చెబుతుంది, కొత్త రంగు నోరు మూయిస్తుంది. మదీనా బజారులో ధాన్యం కుప్ప సంగతి మనం ఎన్నో జుమా ప్రసంగాల్లో విన్నాం. దైవప్రవక్త (సల్లం) కుప్పలో చెయ్యి పెడితే లోపల తడి తగిలింది. వాన పడిందని అమ్మేవాడు చెప్పాడు. మరి ఆ తడిసిన గింజలు జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ప్రవక్త (సల్లం) అడిగారు. మోసం చేసేవాడు మనవాడు కాడని హెచ్చరించారు. ఆ వర్తకుడు వాన పడిందని అబద్ధం చెప్పలేదు, గమనించండి. తడిని కింద పెట్టాడు, అంతే. మన వ్యాపారంలో ఆ పని రంగు డబ్బా చేస్తుంది.

రంగు కింద ఏముంటుంది? హ్యాండిలు కింద ఫ్రేము మొదలయ్యే చోట పైపు అడుగున వేలితో తడమండి. ముడత గానీ చిన్న ఉబ్బు గానీ తగిలితే ఆ సైకిలు ఎప్పుడో ఎదురుగా దేన్నో గుద్దింది. కంటికి కనబడకపోయినా వేలికి తెలుస్తుంది. తర్వాత పక్క నుంచి ఫోర్కు చూడండి. దాని కాళ్ళు కింద కొంచెం ముందుకు వంగి ఉండాలి. నిటారుగా గానీ వెనక్కి గానీ వచ్చి ఉంటే దెబ్బ తిన్నట్టే. ఆపైన ఒకరిని సైకిలు నెట్టుకుంటూ తిన్నగా నడవమని మీరు వెనక నిలబడండి. రెండు చక్రాలూ ఒకే వరసలో కనబడాలి. ముందుది ఒక దారి, వెనకది ఒక దారి పోతుంటే దానికి వైద్యం లేదు.

ఫోర్కు మీద ఇంతసేపు ఎందుకంటే, మిగతావి ఏవి చెడినా సైకిలు ఆగుతుంది, ఫోర్కు విరిగితే మనిషి పడతాడు. తెల్లవారుజామున పాలు వేసే ఒకాయన సంతలో నల్లగా నిగనిగలాడే సైకిలు కొన్నాడు. రెండు నెలలకు క్యాన్లతో వంతెన దిగుతుంటే ఫోర్కు తల దగ్గర విరిగింది. మణికట్టు విరిగి ఆరు వారాలు పని లేదు, రోజు కూలి లేదు. ఆ ఫోర్కు నా దగ్గరకు తెచ్చారు. విరిగిన చోట సగం మేర తుప్పు, సగం మేర తెల్లటి ఇనుము. తుప్పు పట్టిన సగం ఎప్పటినుంచో చీలి ఉందని అర్థం. దాని మీద రంగు పూసి అమ్మారు. సంతలో అమ్మినవాడు ఎవరో, మళ్ళీ కనబడలేదు. సగం ధరకు వచ్చిందనుకున్న సైకిలు ఆ ఇంట్లో ఆరు వారాల బియ్యం తినేసింది.

సరే, ఫ్రేము, ఫోర్కు బాగున్నాయి. ఇక డబ్బు తినేది చైను. చైనులో ఒక పిన్ను మధ్య నుంచి తర్వాతి పిన్ను మధ్యకు సరిగ్గా అర అంగుళం ఉంటుంది. అంటే 24 లింకులకు 12 అంగుళాలు. పిల్లల స్కూలు స్కేలు చాలు. సున్నా ఒక పిన్ను నడుమ పెడితే 12 దగ్గర ఇంకో పిన్ను నడుమ పడాలి. అంగుళంలో పదహారో వంతు జరిగిందంటే చైను మార్చాలి. ఎనిమిదో వంతు జరిగితే చైనుతో పాటు పళ్ళ చక్రం, ఫ్రీవీలు కూడా అరిగిపోయి ఉంటాయి. పళ్ళు చేప రెక్కల్లా ఒకవైపు వంగి సూదిగా కనబడతాయి. అలాంటి పళ్ళ మీద కొత్త చైను ఒక్కటే వేస్తే తొక్కినప్పుడల్లా జారుతుంది. మీరు బేరం చేస్తుండగా అమ్మేవాడు ‘చైను కొత్తది వేశాను చూడండి’ అన్నాడంటే పళ్ళు చూడండి.

పెడలు కడ్డీని పట్టుకుని మీ వైపు, అవతల వైపు ఊపండి. ఆడితే లోపల కప్పు, బాల్సు సంగతి చూడాలి. బిగిస్తే సరిపోవచ్చు, మార్చాల్సి రావచ్చు. చక్రాలు పైకెత్తి తిప్పి రిమ్ము అటూ ఇటూ కొడుతోందేమో చూడండి. కొంచెం వంకరైతే బెండు తీయొచ్చు, ఖర్చు తక్కువ. కానీ పుల్లలు దిగే నిప్పిళ్ళ చుట్టూ తుప్పు తిని ఉంటే, బెండు తీయబోతే పుల్ల తిరగదు, విరుగుతుంది. టైరు పక్క గోడల్లో పగుళ్ళు, దారాలు కనబడితే కొత్త టైరు ఖర్చు బేరంలోనే తగ్గించండి. సీటు, బెల్లు, మడ్‌గార్డు చూసి మోసపోకండి, కోపం కూడా తెచ్చుకోకండి. అవి చిల్లర సంగతులు.

కంపెనీ పేరు గురించి చాలామంది అడుగుతారు. పాత నల్ల సైకిళ్ళలో హీరో, అట్లాస్, ఏవన్, హెర్క్యులెస్, బీఎస్‌ఏ అన్నీ మన దగ్గర తిరిగినవే. అట్లాస్ వాళ్ళ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది. ప్రపంచ సైకిలు దినోత్సవం నాడే! ఆ వార్త వచ్చాక అట్లాస్ ఎవరూ కొనడం లేదు, సామాను దొరకదేమోనని భయం. నల్ల సైకిలుకు ఆ భయం అక్కర్లేదు. టైరు, చైను, బాల్సు, ఫ్రీవీలు చాలావరకు ఒకదానిది ఇంకోదానికి పడతాయి, ఏ పల్లెలోనైనా దొరుకుతాయి. మంచి ఫ్రేము ఉన్న అట్లాస్ తక్కువకు వస్తే నేను సంతోషంగా తీసుకుంటాను.

ఇక కొత్త సైకిళ్ళ సంగతి. కొత్తదంటే మోసం ఉండదనుకోవద్దు. కొత్త సైకిలు ఫ్యాక్టరీ నుంచి పూర్తిగా బిగించి రాదు, ముక్కలుగా వస్తుంది. షాపులో కుర్రాడు బిగిస్తాడు. వాడికి రోజుకు ఎన్ని బిగిస్తే అంత కూలి అయితే, బిగింపు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. అందుకే మొదటి నెల తిరిగాక మళ్ళీ చూపించుకోవాలి. కొత్త పుల్లలు బరువు పడి కాస్త సడలుతాయి, నట్లు వదులవుతాయి. ఆ ఒక్క బిగింపు చేయించని కొత్త సైకిలు ఏడాదిలో పాత సైకిలవుతుంది. ఆ మొదటి సర్వీసు ఉచితమా కాదా అని కొనేటప్పుడే అడిగి బిల్లు మీద రాయించండి.

ధర అడిగినప్పుడు ఒక అంకె చెబుతారు. తర్వాత స్టాండు వేరే, క్యారియరు వేరే, బెల్లు వేరే, తాళం వేరే, ఆడపిల్ల సైకిలుకైతే బుట్ట వేరే. రోడ్డు మీదకు రావడానికి మొత్తం ఎంత అని అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లు తీసుకోనివాడికి ఆ తగ్గింపు అందిందో లేదో తెలిసే దారే లేదు. బిల్లు వద్దంటే వంద తగ్గిస్తామంటారు. ఆ వందకు ఆశపడితే రేపు ఫ్రేము అతుకు ఊడినా గ్యారంటీ అడగలేరు, దొంగతనం జరిగితే పోలీసులకు చూపించడానికి నంబరు ఉండదు. లోపం ఉన్న వస్తువు అంటగట్టి షాపువాడు మాట్లాడకపోతే వినియోగదారుల హెల్ప్‌లైను 1915 ఉంది. అక్కడా మొదట అడిగేది బిల్లే.

మన పిల్లలకు ఇప్పుడు గేర్ల మీద, ముందు స్ప్రింగుల మీద మోజు. తప్పు పట్టను, ఆ వయసు అలాంటిది. కానీ మామూలు సైకిలు ధరకే గేర్లు, స్ప్రింగులు, డిస్కు బ్రేకు అన్నీ ఇస్తున్నారంటే ఎక్కడో ఒక చోట తగ్గించే ఇస్తున్నారు. బరువు ఎక్కువ, ఇనుము నాసి, ఏడాది తిరిగేసరికి కేబుళ్ళు పట్టేసి పిల్లవాడు ఒకే గేరులో తొక్కుతుంటాడు. సామాను కోసం పట్నం పోవాలి. చదును నేల మీద ఐదు కిలోమీటర్లు పోయే పిల్లవాడికి గేరుతో పనేమిటి? మరో సంగతి, పెరుగుతాడు కదా అని పెద్ద సైకిలు కొనకండి. ముందు బారుకు అటూ ఇటూ కాళ్ళు పెట్టి నిలబడితే రెండు పాదాలూ నేలకు ఆనాలి. ఆనకపోతే లారీ హారను కొట్టినప్పుడు ఆ పిల్లవాడు దిగలేడు.

ఇప్పుడు బజారు మోసాలు. హైదరాబాదు జుమ్మేరాత్ బజారు లాంటి చోట్ల మంచి వస్తువులూ దొరుకుతాయి, నేనూ సామాను తెచ్చుకున్నాను. కానీ జాగ్రత్త. మీరు సైకిలు చూస్తుండగా ఇంకొకడు వచ్చి, మీకంటే ఎక్కువ ధర చెప్పి, ఇప్పుడే డబ్బు తెస్తానని వెళతాడు. మీకు చేజారిపోతుందేమోనని కంగారు. ఆ రెండోవాడు అమ్మేవాడి మనిషే. కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచడానికి బేరంలో దిగడాన్ని మన షరీఅత్‌లో నజష్ అంటారు, దాన్ని నిషేధించారు. పద్నాలుగు వందల ఏళ్ళ కిందటే పేరు పెట్టి వద్దన్నారంటే అది ఎంత పాత ఆటో చూడండి. మందు ఒకటే. ఆ వచ్చినవాడినే కొనుక్కోనివ్వండి, మీరు నడిచి వచ్చేయండి.

రెండోది దొంగ సొత్తు. బాగున్న సైకిలు మరీ తక్కువకు వస్తోందా, బిల్లు లేదా, ఫ్రేము మీద గుద్దిన నంబరు ఆకురాయితో గీకి ఉందా, అమ్మేవాడు తొందర పెడుతున్నాడా? వదిలేయండి. దొంగ సొత్తని తెలిసి కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను కింద మూడేళ్ళ వరకు జైలు పడొచ్చు. పాత ఐపీసీలో 411 అనేవాళ్ళు. జైలు సంగతి అటుంచండి. ఆ సైకిలు పోగొట్టుకున్నవాడు మనం రేపు సాయం చేయబోయే మనిషే కావచ్చు. వ్యక్తి దగ్గర కొంటే అమ్మేవాడి పేరు, ఫోను, ఫ్రేము నంబరు, ధర, తేదీ ఒక కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. నిజాయితీ ఉన్నవాడు రాస్తాడు.

ఆ కాగితంలోనే ఇంకో వాక్యం రాయించమని నా సలహా. మూడు రోజులు వాడి చూసి నచ్చకపోతే తిరిగి ఇచ్చే హక్కు ఉంటుందని. ఇది కొత్త ఆలోచన కాదు. హనఫీ ఫిఖహ్‌లో ఇలా షరతు పెట్టుకోవడానికి మూడు రోజుల గడువు ఉంది. దాచిన ఐబ్ బయటపడితే తిరిగి ఇచ్చే హక్కు వేరే ఉంది. మనవాళ్ళు నమాజు మస్లాలు బాగా అడుగుతారు, బేరం మస్లాలు అడగరు. మన ఇమామ్ సాహెబ్ గారు ఒక జుమా రోజు వీటి మీద వివరంగా చెబితే సైకిలే కాదు, ఫ్రిజ్జు, ఫోను, మోటారు బండి కొనేవారికీ పనికొస్తుంది.

ఇప్పుడు మన సొసైటీ సంగతికి వస్తాను. సైకిలు ఒక ఆడపిల్ల చదువును ఎంత మారుస్తుందో లెక్కలతో తెలిసిన విషయం ఒకటుంది. 2006లో బీహార్ ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి 2,000 రూపాయలు ఇచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అనే ఆర్థిక శాస్త్రవేత్తలు దాని ఫలితం కొలిచారు. హైస్కూలులో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారు. ఎక్కువగా పెరిగింది స్కూలు దూరంగా ఉన్న ఊళ్ళలో. మన ఆంధ్రలోనూ ‘బడికొస్తా’ పేరుతో హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్ళు ఇచ్చారు.

దీని నుంచి నాకు అర్థమైంది ఇది. దూరం పోయే ఆడపిల్లకు సైకిలు దారిలో ఆగకూడదు. రెండుసార్లు చైను జారి చీకటి పడ్డాక ఇంటికొస్తే మూడో రోజు ఇంట్లో వాళ్ళు ‘చదివింది చాల్లే బేటీ’ అంటారు. వాళ్ళను తప్పు పట్టలేం. అలాంటి పిల్లలకు కొత్తదే ఇవ్వాలి. గేర్లు లేని, గట్టి, మామూలు సైకిలు. ఇరవై ఇవ్వలేకపోతే పన్నెండే ఇద్దాం. పట్టణంలోనే ఉండి, రోజూ మూడు నాలుగు షాపుల ముందు నుంచి పోయే కూలి మనిషికి, కూరగాయల వ్యాపారికి, తాపీ పనివాడికి మంచి ఫ్రేము ఉన్న పాత నల్ల సైకిలు ఇద్దాం. బరువు మోయడానికి అదే మేలు, దొంగ కన్ను కూడా దాని మీద తక్కువ పడుతుంది. మిగిలిన డబ్బుతో దానికి కొత్త టైర్లు, కొత్త చైను సెట్టు వేయిద్దాం.

లాటుగా మాత్రం వద్దు. లాటులో నలభై ఇచ్చేవాడు మంచివి ముందే ఏరి పక్కన పెట్టి ఉంటాడు. పాతవి ఒక్కొక్కటే చూసి కొనాలి. అది ఏడాది పొడవునా చేసే పని, ఒక్క ఆదివారం పని కాదు.

దాతలకు కూడా ఒక మాట, కోపగించుకోకండి. రమజాన్ రాగానే ఇంట్లో మేడ కింద తుప్పు పట్టిన సైకిళ్ళు సొసైటీకి వస్తాయి. నిరుడు వచ్చిన వాటిలో ఒకదానికి ఫ్రేములో పిట్ట గూడు ఉంది! మీకు ఇస్తే కళ్ళు మూసుకుని తప్ప తీసుకోలేని నాసిరకం వస్తువును దానం కోసం ఏరి ఇవ్వవద్దని సూరె బఖరాలో 267వ ఆయతు చెబుతోంది. పాతది ఇవ్వడం తప్పు కాదు. మీ పిల్లవాడిని దాని మీద ఎక్కించి రోడ్డు మీదకు పంపగలరా అని చూసుకుని ఇవ్వండి. పంపలేకపోతే ఇనుప సామాను వాడికి అమ్మి ఆ డబ్బు ఇవ్వండి. దానికి రసీదు ఇస్తాం.

జకాతు డబ్బుతో కొన్నది తీసుకునేవారి సొంతం కావాలని మన హనఫీ ఉలమాలు చెబుతారు. కాబట్టి బిల్లు వాళ్ళ పేరు మీదే రాయించండి, సొసైటీ పేరు మీద కాదు. పాతది ఇస్తున్నప్పుడు ఏం మార్చాం, ఏం మార్చలేదు, ఎన్ని నెలల్లో ఏది మార్చాల్సి వస్తుంది అనేది చీటీ రాసి చేతికివ్వండి. ఉచితంగా ఇస్తున్నాం కదా, లోపం చెప్పాల్సిన పనేముంది అనుకోవద్దు. ఆ పాలాయన సైకిలు ఉచితంగా వచ్చినా ఫోర్కు అక్కడే విరిగేది.

కమిటీ ఒప్పుకుంటే ఆదివారాలు అసర్ తర్వాత గంటసేపు నా షాపు ముందు కూర్చుంటాను. కొనబోయే పాత సైకిలు ఎవరైనా తెచ్చి చూపించవచ్చు, సొసైటీదైనా సొంతదైనా. చూసినందుకు డబ్బు తీసుకోను. పనిలోకి రావాలనుకునే కుర్రాళ్ళు ఇద్దరు ముగ్గురు పక్కన కూర్చుంటే ఫోర్కు ఎలా తడమాలో, స్కేలు ఎలా పెట్టాలో నేర్పుతాను. వచ్చేవాళ్ళు పన్నెండంగుళాల స్కేలు ఒకటి తెచ్చుకోండి, నా దగ్గర ఉన్నది ఒక్కటే, దాని మీద అంకెలు కూడా చెరిగిపోయాయి.